పదకొండుసార్లు డార్లీన్

ఆదివారం పొద్దున డార్లీన్ వసిలిక్ పెరోగీలనే కూరిన కుడుములకి పిండి కలుపుతుండగా తమ్ముడు ఫోన్ చేశాడు. చేతులు తుడుచుకునే ఓపిక లేక మోచేత్తో స్పీకర్ నొక్కింది. ఏప్రిల్‌లో పొలం అమ్మేసిన దగ్గర్నుంచీ ఒరెస్ట్ తనంతట తాను ఫోన్ చేయడం ఇదే మొదటిసారి.

“అక్కా, మీ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది,” అన్నాడు. ఎలా ఉన్నావని కూడా అడగలేదు.

“ఏం ఉత్తరం రా?”

“పంట పోయినవాళ్ళ జాబితా ఎవరో బయటికి చేరవేశారట. మీ లోపలి మనిషి పనేనని రాశారు. మా లెక్కలుండేది నీ చేతికిందేగా. నువ్వేనా?”

డార్లీన్‌కి ముందు నవ్వొచ్చింది. “మతిగాని పోయిందా నీకు? సొంత తమ్ముడి పొలం వివరాలు అంగట్లో పెడతానా నేను?”

“అడిగానంతే.”

“అడిగేదానికైనా హద్దుండాలి. ఆ దొంగెవడో నేనే పట్టుకొచ్చి నీ ముందు నిలబెడతా. అప్పుడు మాట్లాడు.”

“చూద్దాంలే,” అని ఒరెస్ట్ ఫోన్ పెట్టేశాడు. ఆ ‘చూద్దాంలే’ డార్లీన్‌ని రోజంతా వదల్లేదు. పెరోగీలు ఉడికాయిగానీ తినబుద్ధి కాలేదు.

ఆమె పనిచేసేది విన్నిపెగ్‌లోని ఒక పంటల బీమా కంపెనీలో. మానిటోబా రాష్ట్రం రైతులు కట్టుకున్న భార్యకి కూడా చెప్పని సంగతులు ఆ కంపెనీకి చెప్పుకుంటారు. ఏ చేను నీట మునిగింది, ఏ చేను వడగళ్ళ పాలైంది, వరసగా ఎన్నేళ్ళు కనోలా నూనెగింజలు చేతికి రాలేదు, అన్నీ అక్కడ రాసి ఉంటాయి. ఈ వసంతంలో ఒక భూముల కంపెనీ సరిగ్గా చితికిపోయిన రైతులకే ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. పచ్చగా ఉన్నవాడి జోలికి పోలేదు. పంతొమ్మిది మంది అమ్ముకున్నాక, ఎవరో ఒకాయన వీళ్ళకి మా గుట్టు ఎలా తెలిసిందని నిలదీశాడు.

ఆ పంతొమ్మిది మందిలో ఒరెస్ట్ ఒకడు. డాఫిన్ ఊరి దగ్గర నాలుగు వందల ఎనభై ఎకరాలు, తాత రాళ్ళు ఏరి బాగుచేసిన నేల. అమ్మేశాక గానీ అక్కకి చెప్పలేదు. “అమ్మేశానక్కా,” అన్నప్పుడు ఆమెకేం పాలుపోక, “మంచిపనే చేశావులే, ఇకనైనా నిమ్మళంగా ఉండు,” అంది. ఫోన్ పెట్టేశాక గంటసేపు ఏడ్చింది.

సోమవారం పొద్దున్నే మేనేజర్ లోర్న్ థోర్వాల్డ్‌సన్ పిలిచాడు. లోర్న్ ఆమెకంటే పదేళ్ళు చిన్న. ఎవర్నీ నొప్పించడం చేతకాని మనిషి. అందుకే చెప్పాల్సిన మాట నోటితో చెప్పలేక తెర ఆమె వైపు తిప్పాడు.

“మార్చి నెలలో ఆ జాబితాని పదకొండుసార్లు చదివారు, డార్లీన్ గారూ. పదకొండుసార్లూ మీ పేరే ఉంది.”

ఆమె చూసింది. తేదీ, సమయం, పేరు. డార్లీన్, డార్లీన్, డార్లీన్. పరాయివాడెవడో తన కోటు తొడుక్కుని వీధిలో తిరుగుతుంటే చూసినట్టనిపించింది.

ఆ పేరుకి అంత విలువ ఎందుకో చెప్పాలి. ఆ కంపెనీలో నూట నలభై మెషీన్లు కలిసి ఒకే గుంపుగా పనిచేస్తాయి. వాటిని కాసేది ఇద్దరే: డార్లీన్, ఆమె ఎదుటి బల్ల దగ్గర కూర్చునే కాన్రాడ్ ఫ్రీసన్. ఆ మెషీన్లకి ఒకదాని మీద ఒకదానికి చచ్చినా నమ్మకం లేదు. లెక్కలు కట్టే సర్వీసు వెళ్ళి లెక్కలు దాచే సర్వీసు తలుపు తడితే, రోజూ చూసే మొహమే అయినా సరే, ‘టికెట్ ఏదీ?’ అంటుంది. టికెట్లివ్వడానికి వేరే ఒక సర్వర్ ఉంది. ఎవరైనా దానికి తమ రహస్యం రుజువు చేసుకుని టికెట్ తెచ్చుకోవాల్సిందే. పది గంటలు దాటితే ఆ టికెట్ చిత్తుకాగితం. మనుషులైతే పాస్‌వర్డ్ కొడతారు. పొద్దున్నే వాటంతటవే నడిచే ప్రోగ్రాములకి కొట్టడానికి చేతుల్లేవు గనక, రహస్యాన్ని ఒక చిన్న ఫైల్లో పెట్టి వాటికిస్తారు. దాన్ని తాళం ఫైలంటారు. అది ఎవడి దగ్గరుంటే, టికెట్లిచ్చే సర్వర్ లెక్కలో వాడే ఆ మనిషి. మొహం చూడదు, గొంతు వినదు.

“ఈ పదకొండుసార్లూ పాస్‌వర్డ్ కాదు, మీ తాళం ఫైలు వాడారు,” అన్నాడు లోర్న్. “వచ్చింది మన గేట్‌వే మెషీన్ నుంచే. మిగతా మెషీన్లలోకి అందరం దాని గుండానే వెళ్తాం కాబట్టి అది చెప్పేదేం లేదు. ఒక్కటే అడుగుతున్నా. ఆ ఫైలు ఇంకెవరి దగ్గరైనా ఉందా?”

ఉంది. ఆమెకి తెలుసు ఎవరి దగ్గరుందో. అయినా ఆ పేరు బయటపెట్టలేదు.

“బుధవారం పది గంటలకి కూర్చుందాం,” అన్నాడు లోర్న్ ఆమె మొహం చూసి. “ఈలోగా గుర్తు చేసుకోండి.”

మూడేళ్ళ కిందట ఆమె భర్త వాల్టర్ ఆస్పత్రిలో చివరి రోజుల్లో ఉన్నాడు. పొద్దున ఆరూ పదికి వాతావరణ కేంద్రాల లెక్కలు పోగుచేసే ప్రోగ్రాం ఒకటి డార్లీన్ పేరు మీద నడిచేది. అది ఆగితే ఏడింటికి రైతులకి వెళ్ళాల్సిన వడగళ్ళ హెచ్చరిక వెళ్ళదు. అప్పుడు కాన్రాడ్ ఆస్పత్రికొచ్చి, మంచం పక్కన కోటు కూడా విప్పకుండా నిలబడి, “నీ తాళం ఫైలు కాపీ ఒకటి నాకివ్వు. ఆ వెధవ ప్రోగ్రాం నా ఫోల్డర్లో పెట్టుకుని నేను నడుపుకుంటా. నువ్వు ఆయన చెయ్యి వదలకు,” అన్నాడు. సొంత పేరుతో ఉన్న తాళం ఎవరికీ ఇవ్వకూడదన్నది ఆ కంపెనీలో మొదటి నియమం. దాన్ని రాసింది కూడా డార్లీనే. అయినా ఇచ్చింది. నలభై రోజులకి వాల్టర్ పోయాడు. శవపేటిక మోసిన ఆరుగురిలో కాన్రాడ్ ఒకడు. శవాన్ని మోసినవాణ్ణి పట్టుకుని ఫైలు తిరిగిమ్మని ఎవరడుగుతారు?

పదమూడేళ్ళ స్నేహం. మంచు మీద రాయి జార్చే కర్లింగ్ ఆట జట్టులో అతను కెప్టెన్, ఆమె రాయి ముందు మంచు తుడిచేది. చలికాలంలో అతను డాఫిన్ వెళ్ళి ఒరెస్ట్‌తో కలిసి మంచుకి రంధ్రం చేసి చేపలు పట్టేవాడు. అలాంటివాణ్ణి అనుమానించాలన్న ఊహే ఆమెకి రాలేదు. కాన్రాడ్ ఫోల్డర్లోకి ఎవడో దూరి కాపీ కొట్టేసి ఉంటాడనుకుంది. ఆ ముక్క అతనికి ముందుగా చెప్పి కాపాడాలనుకుంది కూడా, పిచ్చిది.

భోజనాల గదిలో అతని ఎదురుగా కూర్చుని అంతా చెప్పింది. కాన్రాడ్ రై రొట్టె నములుతూ విన్నాడు.

“నాకిచ్చినట్టు చెప్పావా?”

“ఇంకా లేదు.”

“చెప్పకు. చెబితే ఇద్దరం పోతాం. ఇచ్చినందుకు నువ్వు, పుచ్చుకున్నందుకు నేను. నా పెన్షన్‌కి ఇంకా ఏణ్ణర్ధం ఉంది తల్లీ.”

“మరి ఏం చెప్పమంటావ్? పదకొండుసార్లు నా పేరుంది.”

“గుర్తులేదను. పరీక్ష కోసం చదివానేమో అను. నీ మంచితనానికి నేను హామీ ఉంటాగా. లోర్న్‌గాడు నా మాట కాదంటాడా?”

“పోనీ తాళం మార్చేయనా? కనీసం ఆ దొంగవెధవ దగ్గరున్నదైనా చెడిపోతుంది.”

“అయ్యో, ఇప్పుడు ముట్టుకోకు!” అన్నాడు, కాఫీ పక్కకి జరిపి. “సాక్ష్యం చెరిపేశావంటారు. నా మాట విను. కదలకుండా కూర్చో.”

ఆమె విన్నది. రెండు రోజులు కదలకుండా కూర్చుంది. కాన్రాడ్ ఉన్నాడుగా అనుకుంటూ మంగళవారం కాస్త నిద్ర కూడా పోయింది.

బుధవారం పదింటికి ముగ్గురూ లోర్న్ గదిలో కూర్చున్నారు. లోర్న్ ముందు కాన్రాడ్‌నే అడిగాడు. “డార్లీన్ గారి తాళం ఫైలు మీ దగ్గరెప్పుడైనా ఉందా?”

“లేదు,” అన్నాడు కాన్రాడ్. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. “నాకెప్పుడూ ఇవ్వలేదు.”

“ఆ పొద్దుటి ప్రోగ్రాం?”

“ఆమె పేరు మీద నడుస్తుంది కాబట్టి ఆమెదే. నాకు సంబంధం లేదు.” అంతటితో ఆగినా బాగుండేది. ఆమె వైపు తిరిగి, గొంతులో జాలి నింపుకుని, “ఏమీ అనుకోకు డార్లీన్, చెప్పక తప్పదు. వాల్టర్ పోయినప్పట్నుంచీ పాపం ఈమె మనసు మనసులో లేదు లోర్న్. నీ ఫైళ్ళు ఎక్కడపడితే అక్కడ వదిలేయకని నేనే ఎన్నోసార్లు మొత్తుకున్నా. వింటేగా,” అన్నాడు.

డార్లీన్‌కి చెవులు గింగురుమన్నాయి. అబద్ధమాడినందుకు కాదు. పెన్షన్ కోసం భయపడి అబద్ధమాడితే రేపు క్షమించేదేమో. కానీ వాల్టర్ పేరు ఎత్తాడు. ఏ మంచం పక్కన నిలబడి తాళం తీసుకున్నాడో, ఆ మంచాన్నే తెచ్చి ఆమె మీద సాక్ష్యంగా నిలబెట్టాడు. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో ఆమెకి యాభై ఏళ్ళొచ్చాక, పగటిపూట, ఆఫీసు కుర్చీలో తెలిసొచ్చింది. పదకొండుసార్లు చదివింది ఎవరో కూడా ఆ క్షణంలోనే తెలిసింది.

ఆమె అరవలేదు. కాన్రాడ్ వెళ్ళిపోయి తలుపు పడేదాకా ఆగింది.

“ఇచ్చాను,” అంది. “మూడేళ్ళ కిందట నా చేత్తో ఇచ్చాను. ఆ తప్పుకి నన్ను తీసేయండి, కాదనను. కానీ ఆ జాబితా నేను చదవలేదు. అందులో నా తమ్ముడున్నాడు.”

“సోమవారమే ఎందుకు చెప్పలేదు?”

“చెప్పొద్దన్నాడు. విన్నాను.”

లోర్న్ నుదురు రుద్దుకున్నాడు. “ఇప్పుడిది మీ మాటకీ ఆయన మాటకీ మధ్య పడింది. నేనెవర్ని నమ్మను?”

“ఎవర్నీ నమ్మొద్దు. ఆ మెషీన్లు నమ్ముతాయా? నా తాళం ఇప్పుడే మార్చండి, మీ చేత్తో. కొత్తది తీయగానే పాతది ఎన్ని కాపీలున్నా చెత్త. కొత్తది మీ దగ్గరే ఉంచుకోండి. నా కంప్యూటరూ నా కార్డూ కూడా తీసుకోండి. ఇంకొకటి. గేట్‌వేలో ఎవరి లాగిన్ నుంచి ఏ కమాండ్ వెళ్తోందో రాసుకునే ఏర్పాటు ఒకటుంది. మెషీన్ నెమ్మదిస్తోందని కాన్రాడే జనవరిలో ఆపించాడు. దాన్ని మళ్ళీ పెట్టండి. రేపు పొద్దున ఆరింటికి నేనొచ్చి మీ పక్కన ఖాళీ చేతుల్తో కూర్చుంటా.”

“ఆయన తెలివైనవాడు. ఆ ప్రోగ్రాం జోలికే రాడేమో.”

“తాళం మారినట్టు ఆయనకి తెలీదుగా. కదలొద్దన్నాడు, నేను కదల్లేదనుకుంటున్నాడు.”

గురువారం ఆరు కాకముందే లోర్న్ రెండు కాఫీలు పట్టుకొచ్చాడు. ఆమెకిష్టమైనట్టు రెండు చెంచాల చక్కెర వేయించాడు. ఇద్దరూ తెర ముందు కూర్చున్నారు. కిటికీ జాలీకి దోమలు అంటుకుని ఉన్నాయి.

ఆరూ పదికి ఎర్రటి వరస పడింది. డార్లీన్ పేరుతో ఎవరో టికెట్ అడిగారు, తాళం పాతదని సర్వర్ పొమ్మంది. అడిగిన ప్రోగ్రాం కాన్రాడ్ ఫోల్డర్లోంచి లేచిందని పక్కనే రాసి ఉంది.

“తనకి సంబంధం లేదన్నాడు,” అన్నాడు లోర్న్ మెల్లగా.

“ఆగండి. ప్రోగ్రాం ఆగితే దాన్ని నడిపేవాడికి కబురెళ్తుంది, ఇప్పుడాయన ఫోన్ మోగుతుంది.”

మూడేళ్ళుగా ఆ ఫోన్ మోగితే కాన్రాడ్ కళ్ళు సగమే తెరిచి, ఏడింటికల్లా హెచ్చరిక వెళ్ళాలన్న ఒక్క ధ్యాసతో, ప్రోగ్రాం బాగుచేసి మళ్ళీ పడుకునే మనిషి. ఆ పనివాడు తన లోపలి దొంగని సలహా అడగడు. ఆరూ పద్నాలుగుకి కాన్రాడ్ లాగిన్ అయ్యాడు. ఆరూ పదహారుకి అతని లాగిన్ నుంచి ఒక కమాండ్ వచ్చింది: డార్లీన్‌గా టికెట్ ఇవ్వమని, ఫలానా తాళం ఫైలు చూసుకోమని. కుదరలేదు. ఆరూ పదిహేడుకి మళ్ళీ కొట్టాడు. చెయ్యి జారిందనుకున్నాడేమో, ఆరూ పద్దెనిమిదికి అక్షరం అక్షరం చూసుకుని మూడోసారి కొట్టాడు.

ఆ తర్వాత తెర మీద ఏమీ రాలేదు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. నిద్ర పూర్తిగా వదిలినట్టుంది.

డార్లీన్ ఆ మూడు వరసల వైపే చూస్తూ ఉండిపోయింది. గెలిచిన సంతోషం రాలేదు. నిన్న అతని నోటి నుంచి విన్నప్పుడు కూడా, ఎక్కడో ఒక మూల, కాదేమోనన్న ఆశ మిగిలి ఉందని ఇప్పుడు తెలిసింది. ఆ ఆశ కాస్తా పోయింది.

“హెచ్చరిక వెళ్ళాలి,” అంది చివరికి. “పడమటి జిల్లాల్లో వడగళ్ళున్నాయివాళ. కొత్త తాళంతో మీరు నడపండి, ఎలాగో నేను చెబుతా.”

ఎనిమిదిన్నరకి కాన్రాడ్ వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. లోర్న్ మూడు వరసలూ చూపించాక అతను వాదించలేదు. కుర్చీలో కూలబడి చేతులు చూసుకున్నాడు.

“మా అల్లుడు ఆ భూముల కంపెనీలో చేరాడు,” అన్నాడు. “ఆర్నెల్లలో ఏదో ఒకటి చూపించకపోతే తీసేస్తామన్నారు. పిల్ల గర్భంతో ఉంది. ఏం చేయమంటావ్?”

“నీ పేరుతో చదవాల్సింది,” అంది డార్లీన్.

“ఎలాగూ అమ్ముకునేవాళ్ళేగా వాళ్ళు! నాలుగు నెలలు ముందో వెనకో. ఎవరి కొంపా కూలలేదు.”

“నాది కూలింది. నా తమ్ముడు నన్ను దొంగవా అని అడిగాడు. నువ్వు నా ఎదురుగా కూర్చుని రొట్టె తింటూ, కదలకు అన్నావు. ఎందుకు కదలొద్దన్నావో ఇప్పుడర్థమైంది. నేను మునిగేదాకా అన్నమాట.”

“ఆ ఫైలు నేను దొంగిలించలేదు. నువ్వే ఇచ్చావు,” అన్నాడు కాన్రాడ్ తల ఎత్తి. “నన్ను పట్టించి నీకొరిగిందేంటి? నువ్వూ పోతావ్. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుంది నీ తెలివి.”

“పెట్టుకున్నానులే. ఎలుక నా ఇంట్లోనే తిని బలిసింది మరి.”

లోర్న్ ఆమె కార్డు తిరిగివ్వలేదు. ఇవ్వలేనని చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తాళం ఇచ్చినందుకు ఉద్యోగం పోయినట్టే. కానీ జాబితా తీసింది ఆమె కాదని పంతొమ్మిది మందికీ ఉత్తరం రాస్తానన్నాడు. డార్లీన్‌కి కావాల్సింది అదే. అది కూడా ఒక్కడికి అందితే చాలు. ఉత్తరం అందేదాకా ఆగలేక, ఆఫీసు పార్కింగ్‌లో తన కారులో కూర్చుని ఫోన్ చేసింది.

“ఒరెస్ట్, పట్టుకున్నా రా. నేను కాదు.”

“నువ్వు కాదా?”

“నేను కాదు. నా తప్పు లేదని అనను. నా తాళం ఒకడికిచ్చాను, వాడు నా పేరుతో దోచాడు. ఉద్యోగం కూడా పోయిందిలే. నువ్వు మాత్రం నన్ను నమ్మాలి.”

“ఎవడు వాడు?”

“కాన్రాడ్.”

ఫోన్ కట్టయిందేమోనని ఆమె చెవి నుంచి తీసి చూసుకుంది. లేదు.

“మార్చిలో వచ్చాడక్కా ఇక్కడికి,” అన్నాడు ఒరెస్ట్. “చేపలకోసం కాదు. వంటింట్లో కూర్చున్నాడు, కాగితాలు తెచ్చాడు. ‘మీ అక్క నీ లెక్కలన్నీ చూసింది, ఈ నేల ఇంక కోలుకోదంటోంది, నీ మొహం చూసి చెప్పలేక నన్ను పంపింది’ అన్నాడు. నేను నెలరోజులు తన్నుకులాడి సంతకం పెట్టా. అమ్మేశానని నీకు చెప్తే, నువ్వు కూడా మంచిపనే చేశావన్నావు.”

డార్లీన్ స్టీరింగ్ పట్టుకుంది.

“నాకొక్క ఫోన్ చేసి అడగొచ్చుగా రా? నిజంగా నువ్వే పంపావా అక్కా అని, ఒక్క మాట?”

“నీ పేరు చెప్పాడక్కా,” అన్నాడు ఒరెస్ట్. “నీ పేరు చెప్పాక, ఇంక నేను అడిగేదేముంది?”